కరువు సీమలో పాఠ్యప్రణాళిక: కణేకల్ ప్రాంతం నేపథ్యంగా తరగతి బోధనా వ్యూహాలు

వ్యాస సంగ్రహం

పాఠ్యప్రణాళిక ఉపాధ్యాయ విద్యలో మొదట నేర్పే అంశం, వృత్తిలో మొదట యాంత్రికమయ్యే అంశం. బహుళ తరగతుల బోధన, ఇంటి భాషకూ బడి భాషకూ మధ్య దూరం, కరువు ఏడాదిలో వలస వల్ల తెగిపోయే హాజరు ఉన్నచోట సాధారణ నమూనా ప్రణాళిక సరిపోదు. అనంతపురం జిల్లా కణేకల్ ప్రాంతం ఈ మూడు స్థితులనూ ఒకచోట చూపగలదు. ఆ ప్రాంతపు చెరువు, కాలువ, ఇసుక, వాన, పలుకుబడి బోధనకు సామగ్రి ఎలా కాగలవో, ఆంధ్రప్రదేశ్‌లోనే రూపుదిద్దుకొన్న బోధనా ప్రయోగాల నుండి ఏమి గ్రహించవచ్చునో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పాఠ్యప్రణాళిక, బహుళ తరగతి బోధన, పూర్వజ్ఞానం, స్థానిక పరిసరం, నిర్మాణాత్మక మూల్యాంకనం, కణేకల్, అనంతపురం.

1. ఉపోద్ఘాతం

"పాఠం అయిపోయింది" అనడానికీ "పాఠం వచ్చింది" అనడానికీ తెలుగులో స్పష్టమైన భేదం ఉంది. మొదటి వాక్యానికి కర్త ఉపాధ్యాయుడు. రెండవ వాక్యంలో పాఠం వచ్చింది విద్యార్థికి. పాఠశాల దస్త్రాలలో నమోదయ్యేది ఎక్కువగా మొదటిదే. సమర్థ బోధన గురించిన చర్చ అంతా ఈ రెండు వాక్యాల మధ్య దూరాన్ని తగ్గించే మార్గాల అన్వేషణే అని చెప్పవచ్చు.

ఈ దూరం చట్టంలోనూ కనిపిస్తుంది. బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2009లోని 24వ విభాగం ఉపాధ్యాయుని విధులను పేర్కొంటూ, నిర్దిష్ట కాలంలో మొత్తం పాఠ్యప్రణాళికను పూర్తి చేయాలని ఒక ఉపవిభాగంలో ఆదేశిస్తుంది. ఆ వెంటనే, ప్రతి బాలుని అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి అవసరమైన అదనపు బోధన అందించాలని మరొక ఉపవిభాగంలో చెబుతుంది. ఒకటి కాలాన్ని అనుసరించమంటుంది. మరొకటి పిల్లవాణ్ణి అనుసరించమంటుంది. హాజరు నిలకడగా ఉన్న బడిలో ఈ రెండు విధులూ పెద్దగా ఢీకొనవు. హాజరు ఋతువును బట్టి మారే బడిలో అవి ప్రతిరోజూ ఢీకొంటాయి. ఆ ఘర్షణను పరిష్కరించవలసిన స్థలం పాఠ్యప్రణాళిక.

2. కణేకల్ ప్రాంతం: బోధనా నేపథ్యం

కణేకల్ అనంతపురం జిల్లా పశ్చిమ భాగంలో, కర్ణాటకలోని బళ్ళారి జిల్లాకు చేరువలో ఉన్న మండల కేంద్రం. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉండటం వల్ల నైరుతి ఋతుపవనాల ప్రభావం తగ్గుతుంది. తూర్పు తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్య ఋతుపవనాలూ పూర్తిగా అందవు. జిల్లాలో అధిక భాగం వర్షాధార వేరుశనగ సాగు మీద ఆధారపడిన నేల.

ఈ కరువు పీఠభూమిలో కణేకల్‌కు ఒక ప్రత్యేకత ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ ఈ ప్రాంతం గుండా సాగుతుంది. ఆ నీటితో నిండే కణేకల్ చెరువు, దాని కింది వరి మళ్ళు ఒకవైపు. వానకోసం ఎదురుచూసే మెట్ట చేలు మరొకవైపు. స్థానికులు హగరి అని పిలిచే వేదావతి నది ఒడ్డున, కణేకల్, బొమ్మనహాళ్ మండలాలలో, గాలికి కొట్టుకువచ్చిన ఇసుక మేటలు వేసి పొలాలను కప్పివేయడం ఈ ప్రాంతపు మరొక వాస్తవం. నీరున్న మడి, నీరులేని చేను, ఇసుక కప్పిన భూమి కొద్ది మైళ్ళ పరిధిలోనే కనిపిస్తాయి.

భాషా నేపథ్యం కూడా అంతే వైవిధ్యం గలది. రాయదుర్గం తాలూకా ఒకప్పుడు మద్రాసు రాష్ట్రపు బళ్ళారి జిల్లాలో భాగం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. రాష్ట్రాల సరిహద్దు మారినంత మాత్రాన ఇళ్ళలోని భాషలు మారవు. అందుచేత ఈ ప్రాంతపు తరగతి గదిలో తెలుగు, కన్నడం, ఉర్దూ ఇంటి భాషలుగా గల పిల్లలు కలిసి కూర్చోవడం సహజం.

వీటికి తోడు రెండు వ్యవస్థాగత స్థితులు ఉన్నాయి. మొదటిది బహుళ తరగతి బోధన. విద్యాహక్కు చట్టం అనుబంధం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. ఐదు తరగతులను ఇద్దరు బోధించాలంటే, ఏ సమయంలోనైనా ఒక్కొక్కరి ఎదుట కనీసం రెండు తరగతులు ఉండక తప్పదు. రెండవది వలస. పంట చేతికి రాని ఏడాదిలో కుటుంబాలు పనుల కోసం బెంగుళూరు వంటి నగరాలకు తరలుతాయి. పిల్లలు బడిలో పేరుండి మనిషి లేని స్థితిలోకి వెళతారు. ఋతుకాలిక వసతిగృహాలు కొందరిని ఊరిలో నిలుపుతాయి. తక్కినవారు కొన్ని నెలల తరువాత తిరిగివస్తారు. వారు తిరిగివచ్చిన రోజు తరగతిలో జరుగుతున్న పాఠంలో వారికి చోటుందా లేదా అన్న ప్రశ్నకు ఉపాధ్యాయుని ప్రణాళికలోనే జవాబు ఉండాలి. ఆ జవాబు లేని తరగతి నుండి పిల్లవాడు మరల వెళ్ళిపోవడానికి రెండవ కరువు అవసరం లేదు.

3. పాఠ్యప్రణాళిక: భావన, పరిణామం

ఆధునిక పాఠ్యప్రణాళికకు మూలం జర్మన్ తత్త్వవేత్త హెర్బార్ట్ (1776–1841) ఆలోచనలలో ఉంది. ఆయన అనుయాయులు వాటిని సన్నాహం, ప్రదర్శన, అనుసంధానం, సాధారణీకరణం, అన్వయం అనే ఐదు సోపానాలుగా స్థిరపరచారు. భారతదేశపు శిక్షణ కళాశాలలు చాలాకాలం ఈ సోపానాలనే బోధించాయి. 1956లో బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు ప్రకటించిన విద్యాలక్ష్యాల వర్గీకరణ వల్ల ప్రణాళికలో లక్ష్యాలను స్పష్టంగా, పరీక్షించదగిన రీతిలో రాసే పద్ధతి వచ్చింది. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005, దాని వెలుగులో రూపొందిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధి పత్రం 2011 జ్ఞాన నిర్మాణ దృష్టిని ముందుకు తెచ్చాయి. విద్యార్థి తనకు తెలిసినదాని మీద కొత్తదాన్ని కట్టుకొంటాడని ఈ దృష్టి భావిస్తుంది.

రాష్ట్రంలో ఆచరణలో ఉన్న పద్ధతిలో ప్రణాళిక మూడు స్థాయిలలో ఉంటుంది: వార్షిక ప్రణాళిక, పాఠ్య ప్రణాళిక, పీరియడు ప్రణాళిక. వార్షిక ప్రణాళిక ఏడాదిలో సాధించవలసిన విద్యాప్రమాణాలను చూపుతుంది. పాఠ్య ప్రణాళిక ఒక పాఠాన్ని పీరియడ్లుగా విభజిస్తుంది. పీరియడు ప్రణాళిక ఒక్క తరగతి సమయంలో జరిగే కృత్యాలను వివరిస్తుంది. ఈ చట్రంలో లోపం లేదు. పై నుండి కిందికి మాత్రమే ప్రయాణించి, కింది నుండి పైకి రాకపోవడం ఆచరణలో వచ్చే చిక్కు. నిన్నటి పీరియడులో పిల్లలకు ఏమి రాలేదో తెలిసిన తరువాత రేపటి పీరియడు మారాలి. నెల చివర వార్షిక ప్రణాళికలోనూ సవరణ కనిపించాలి. ఏడాది ఆరంభంలో రాసిన ప్రణాళిక ఏడాది చివర వరకు చెక్కుచెదరకుండా ఉంటే, అది తరగతిని చూడలేదని అర్థం.

సీమ రైతు క్యాలెండరు చూసి విత్తడు. వాన కురిసిన తరువాత నేలలో పదును ఎంత లోతుకు దిగిందో చూసి గొర్రు కడతాడు. బోధనా మనోవిజ్ఞానవేత్త డేవిడ్ ఆసుబెల్ 1968లో చేసిన ప్రతిపాదన సారాంశం కూడా ఇదే: అభ్యసనాన్ని అన్నిటికన్న ఎక్కువగా ప్రభావితం చేసేది విద్యార్థికి అప్పటికే తెలిసిన విషయం; దానిని కనుగొని, దానికి తగినట్లు బోధించాలి. ప్రణాళికలో "పూర్వజ్ఞానం" అనే శీర్షిక కింద ఒక వాక్యం రాయడం ఆనవాయితీ. ఆ వాక్యాన్ని ముందే ఊహించి రాయడం వేరు, పిల్లల నుండి రాబట్టి రాయడం వేరు.

4. తెలుగు నేలపై జరిగిన రెండు ప్రయోగాలు

4.1 ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం

1980వ దశకంలో బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం తరగతి బోధనకు ఆరు సూత్రాలను ప్రతిపాదించింది. ఉపాధ్యాయుడే అభ్యసన కృత్యాలను రూపొందించడం. చేయడం, కనుగొనడం, ప్రయోగించడం ద్వారా నేర్చుకోనివ్వడం. వ్యక్తిగత, జట్టు, పూర్తి తరగతి పనులను సమన్వయించడం. వైయక్తిక భేదాలను గుర్తించడం. స్థానిక పరిసరాలను వినియోగించడం. పిల్లల పనిని ప్రదర్శించి తరగతి గదిని ఆసక్తికరంగా తీర్చిదిద్దడం అన్నవి ఆ సూత్రాలు. ఉపాధ్యాయులు తమ అనుభవాలను పంచుకొనేందుకు ఉపాధ్యాయ కేంద్రాలను కూడా ఆ పథకం ఏర్పరచింది.

ఈ సూత్రాలలో మొదటిది, ఐదవది ప్రణాళికా రచనకు ముఖ్యమైనవి. కృత్యాన్ని ఉపాధ్యాయుడే రూపొందించాలంటే అతనికి తన ఊరి పరిసరం తెలియాలి. రాజధానిలో ముద్రితమైన కరదీపిక కణేకల్ చెరువును గురించి చెప్పలేదు. అయితే కృత్యం తనంత తాను అభ్యసనం కాదన్న హెచ్చరిక కూడా అవసరం. పిల్లలు ఆకులు ఏరి అట్టకు అంటించినంత మాత్రాన శాస్త్రపాఠం పూర్తి కాదు. ఆ ఆకులను దేని ఆధారంగా వర్గీకరించారో, ఎందుకు అలా చేశారో మాటలలో చెప్పగలిగినప్పుడే కృత్యం పాఠమవుతుంది.

4.2 రిషీవ్యాలీ గ్రామీణ విద్యా ప్రయోగం

రాయలసీమలోనే మదనపల్లె సమీపాన గల రిషీవ్యాలీలో, పద్మనాభరావు, రమ దంపతుల ఆధ్వర్యంలో, చిన్న గ్రామీణ బడుల కోసం బహుళ తరగతి బోధనా పద్ధతి ఒకటి రూపొందింది. "స్కూల్ ఇన్ ఎ బాక్స్" అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ పద్ధతిలో పాఠ్యాంశం చిన్న చిన్న మైలురాళ్ళుగా విడిపోతుంది. ప్రతి మైలురాయికీ పరిచయం, అభ్యాసం, మూల్యాంకనం, పునర్బలనం కోసం కార్డులు ఉంటాయి. ఈ కార్డుల క్రమాన్ని చూపే అభ్యసన నిచ్చెన గోడమీద ఉంటుంది. పిల్లవాడు తానున్న మెట్టును తానే గుర్తించి, తన వేగంతో ముందుకు సాగుతాడు. కర్ణాటకలో 1995లో హెగ్గడదేవనకోటె ప్రాంతంలో మొదలైన నలికలి పద్ధతికీ, తమిళనాడులో చెన్నై నగరపాలక పాఠశాలల్లో 2003లో మొదలైన కృత్యాధార అభ్యసనానికీ ఈ ప్రయోగం ప్రేరణగా నిలిచింది.

వలస ప్రాంతాల దృష్టితో చూస్తే ఈ నిచ్చెనలోని విలువ ప్రత్యేకమైనది. సాధారణ తరగతిలో మూడు నెలలు లేని పిల్లవాడు తిరిగివచ్చేసరికి తరగతి మూడు నెలల ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది. నిచ్చెన పద్ధతిలో అతడు వదలిన మెట్టు అక్కడే ఉంటుంది. అతని వెనుకబాటు తరగతి ముందు ప్రకటితం కాదు. ప్రతివారూ వేర్వేరు మెట్లమీద ఉన్నారు కనుక వెనుకబాటు అన్న మాటకే ఆ గదిలో బలం తగ్గుతుంది. కార్డుల తయారీకి శ్రమ, వాటి వినియోగానికి శిక్షణ, నిరంతర పర్యవేక్షణ కావాలి. పూర్తి పద్ధతిని స్వీకరించలేని బడి కూడా దాని మూల సూత్రాన్ని స్వీకరించవచ్చు: ప్రతి పాఠంలోనూ తిరిగివచ్చే పిల్లవాడికి ఒక మెట్టు ఉంచడం.

5. స్థానిక పరిసరంతో ప్రణాళిక: మూడు నమూనాలు

5.1 తెలుగు: నాలుగు, ఐదు తరగతులు కలిసిన పీరియడు

లక్ష్యం: పరిశీలించిన విషయాలను క్రమంలో పెట్టి వివరణాత్మకమైన పేరా రాయగలగడం. కాలం: 45 నిమిషాలు. విషయం: ఊరి చెరువు.

మొదటి 7 నిమిషాలు ప్రశ్నకు కేటాయించాలి. "మన చెరువుకు నీళ్ళు ఎక్కడినుండి వస్తాయి?" అన్న ప్రశ్నకు పిల్లల నుండి వాన, వంక, కాలువ అనే మాటలు వస్తాయి. ఉపాధ్యాయుడు ఆ మూడింటినీ నల్లబల్లపై రాసి, "ఇక్కడ వాన పడని ఏడాది కూడా చెరువులోకి నీళ్ళు ఎట్లా వస్తాయి?" అని మరొక ప్రశ్న వేస్తాడు. కాలువ నీరు తుంగభద్ర జలాశయానిదని, ఆ నదికి నీరు పశ్చిమ కనుమల వానలదని తెలియడం పిల్లలకు కొత్త విషయం. తమ చెరువును నింపిన వాన తాము చూడని కొండలలో కురిసిందన్న గ్రహింపు నుండి రాయాలన్న కోరిక పుడుతుంది.

తరువాతి 10 నిమిషాలు ఉపాధ్యాయుడు ముందుగా రాసి ఉంచిన ఐదారు వాక్యాల పేరాను చదవడం. నాలుగవ తరగతి పిల్లలు అందులో క్రమాన్ని చూపే మాటలను (మొదట, తరువాత, అందువల్ల, చివరకు) గుర్తిస్తారు. ఐదవ తరగతి పిల్లలు ఏ వాక్యాన్ని తీసివేస్తే అర్థం చెడుతుందో చెబుతారు. పాఠ్యభాగం ఒక్కటే, పని రెండు స్థాయిలది. తరువాతి 10 నిమిషాలు జంటలుగా మాట్లాడుకోవడం. ఆపైన 12 నిమిషాలు రాయడం: నాలుగవ తరగతి నాలుగు వాక్యాలు, ఐదవ తరగతి కారణాన్ని చెప్పే వాక్యంతో కూడిన పేరా. చివరి 6 నిమిషాలలో ఇద్దరు చదువుతారు, మిగిలినవారు ఒక మంచి వాక్యాన్ని ఎత్తిచూపుతారు.

వలస నుండి తిరిగివచ్చిన పిల్లవాడికి ఇందులో చోటు ఎక్కడ? అతడు చూసివచ్చిన చోట నీళ్ళు ఎట్లా వచ్చేవో, ట్యాంకరు ఎప్పుడు వచ్చేదో జంటలో చెప్పడం అతని పని. రాయడంలో వెనుకబడినా చెప్పడానికి అతని వద్ద విషయం ఉంది. అతడు చెప్పిన రెండు వాక్యాలను జంటలోని మరొకరు రాస్తే, వాటిని చూసి రాయడం ఆ రోజుకు అతని మెట్టు. అయితే ఇష్టపడి చెప్పినప్పుడే ఆ అనుభవాన్ని పాఠంలోకి తీసుకోవాలి. కుటుంబం కష్టాన్ని తరగతి ముందు విప్పించడం బోధన కాదు.

5.2 గణితం: సగటు, ఘనపరిమాణం

ప్రాథమికోన్నత తరగతులలో వర్షపాతం గణితానికి అనువైన సామగ్రి. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు నీరు. ఈ ఒక్క సంబంధాన్ని పిల్లలు పొడవు, వెడల్పు, లోతుల గుణకారంతో స్వయంగా రాబట్టాలి. ఆపైన 100 చదరపు మీటర్ల బడి కప్పుపై ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఎన్ని లీటర్లు? 55,000 లీటర్లు. 40 మంది పిల్లలకు రోజుకు రెండేసి లీటర్ల చొప్పున 220 పనిదినాలకు కావలసింది 17,600 లీటర్లు. "మరి బడిలో నీటి కొరత ఎందుకు?" అన్న ప్రశ్నను పిల్లలే వేస్తారు. నిల్వ, ఆవిరి, మొదటి వానలో కొట్టుకుపోయే దుమ్ము, వాన పడే రోజుల అంతరం అన్నీ చర్చకు వస్తాయి.

సగటు భావనకు మరొక కృత్యం. తరగతి కోసం కల్పించిన ఐదేళ్ళ అంకెలు 700, 300, 650, 400, 700 అనుకొంటే, వాటి సగటు 550. ఆ ఐదేళ్ళలో ఏ ఒక్క ఏడాదీ 550 కురవలేదు. సగటు చూసి సాగు చేసిన రైతుకు రెండవ ఏడాది ఏమవుతుందో పిల్లలకు ఎవరూ చెప్పనవసరం లేదు. సగటు ఏమి చెబుతుందో, ఏమి దాస్తుందో ఈ ఉదాహరణ పరీక్షకు మించిన స్థాయిలో నేర్పుతుంది.

5.3 భాషాంశాలు: రెండు భాషల పోలిక

కన్నడం ఇంటి భాషగా గల విద్యార్థి తెలుగు తరగతిలో లోపం గలవానిగా కనిపించడం సులభం. ప్రణాళిక మారితే అతడే వనరు అవుతాడు. పాలు–హాలు, పులి–హులి, పండు–హణ్ణు, పాము–హావు, పల్లె–హళ్ళి అనే జంటలను నల్లబల్లపై రాసి, "ఏమి మారింది?" అని అడిగితే, తెలుగులో పదాది పకారం ఉన్నచోట కన్నడంలో హకారం వస్తున్నదని ఏడవ తరగతి పిల్లలు కనుగొనగలరు. చెవి–కివి, చెరువు–కెరె, చేయి–కై అనే జంటలు చకార కకారాల సంబంధాన్ని చూపుతాయి. ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనం చేసే పని ఇదే. ఇక్కడ అది సరిహద్దు బడిలోని ఇద్దరు స్నేహితుల మాటలతో మొదలవుతుంది.

మాండలికం విషయంలోనూ ఇదే దృష్టి అవసరం. పాఠ్యపుస్తకంలో వేరుశనగ అని ఉన్నదానిని అనంతపురం పిల్లవాడు బుడ్డలు అంటాడు. ఆ మాటను తప్పుగా కొట్టివేస్తే అతడు మాట్లాడటం మానేస్తాడు. రెండు మాటలనూ పక్కపక్కన రాసి, ఏది ఏ సందర్భంలో వాడతామో చర్చిస్తే పదజాలం రెట్టింపవుతుంది. విద్యాహక్కు చట్టం 29వ విభాగం బోధనా మాధ్యమం సాధ్యమైనంతవరకు మాతృభాషగా ఉండాలంటుంది. జాతీయ విద్యావిధానం 2020 కూడా సాధ్యమైనచోట కనీసం ఐదవ తరగతి వరకు ఇంటి భాష ప్రాధాన్యాన్ని నొక్కిచెబుతుంది. మాధ్యమం ఏదన్నది ప్రభుత్వ నిర్ణయం. పిల్లవాని మాటకు తరగతిలో గౌరవం ఉందా అన్నది ఉపాధ్యాయుని నిర్ణయం.

6. ప్రశ్న, నిరీక్షణ, మూల్యాంకనం

మంచి ప్రణాళికలో ప్రశ్నలు ముందుగానే రాసి ఉంటాయి. అప్పటికప్పుడు తోచే ప్రశ్నలు ఎక్కువగా జ్ఞాపకశక్తిని పరీక్షించేవే. ఎందుకు, ఎట్లా, అలా కాకపోతే ఏమవుతుంది అనే ప్రశ్నలు ముందస్తు ఆలోచన లేకుండా రావు.

ప్రశ్న తరువాతి మౌనం కూడా ప్రణాళికలో భాగమే. అమెరికాకు చెందిన విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970వ దశకంలో చేసిన పరిశీలనలో, ఉపాధ్యాయులు ప్రశ్న వేసి సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నట్లు తేలింది. ఆ వ్యవధిని మూడు సెకన్లకు పెంచినప్పుడు జవాబులు పొడవయ్యాయి, మౌనంగా ఉండేవారు కూడా మాట్లాడారు. ఇంటి భాషలో ఆలోచించి బడి భాషలో చెప్పవలసిన విద్యార్థికి ఆ రెండు సెకన్లు మరింత అవసరం. చేయి ఎత్తిన వారినే అడిగే అలవాటు ఉన్న తరగతిలో, నెలల తరువాత వచ్చిన పిల్లవాడు ఎన్నడూ చేయి ఎత్తడు. మొదట జంటలో చెప్పించి తరువాత తరగతికి చెప్పించడం ఈ చిక్కుకు సరళమైన పరిష్కారం.

పీరియడు చివర ఒకే ఒక ప్రశ్నకు ప్రతి విద్యార్థి చేతా చిన్న చీటీపై జవాబు రాయించడం నిర్మాణాత్మక మూల్యాంకనంలో అతి తక్కువ ఖర్చు గల సాధనం. ఆ చీటీలను ఉపాధ్యాయుడు మూడు కుప్పలుగా విడదీయవచ్చు: వచ్చినవారు, సగం వచ్చినవారు, రానివారు. మార్కులు అవసరం లేదు. మూడవ కుప్ప పెద్దదైతే రేపు అదే అంశం వేరొక దారిలో మరల చెప్పాలి. అది చిన్నదైతే మొదటి 10 నిమిషాలు ఆ కొద్దిమందితో కూర్చోవాలి. ఆ సమయంలో తక్కినవారికి స్వయంగా చేసుకొనే పని సిద్ధంగా ఉండాలి. 1998లో పాల్ బ్లాక్, డిలన్ విలియం ప్రకటించిన సమీక్ష, బోధన మధ్యలోనే జరిగే ఇటువంటి మూల్యాంకనం అభ్యసనాన్ని గణనీయంగా పెంచుతుందనీ, వెనుకబడిన విద్యార్థులకు ఎక్కువగా తోడ్పడుతుందనీ వాదించింది.

వయసును బట్టి గాక స్థాయిని బట్టి రోజులో కొంత సమయం జట్లు కట్టడం మరొక వ్యూహం. ప్రథమ్ సంస్థ ఈ పద్ధతిని దేశవ్యాప్తంగా ప్రచారం చేసింది. వడోదర, ముంబై నగరాలలో ఆ సంస్థ నడిపిన ప్రత్యేక బోధనా కార్యక్రమాన్ని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహపరిశోధకులు మూల్యాంకనం చేసి, వెనుకబడిన పిల్లల సామర్థ్యాలు మెరుగుపడినట్లు 2007లో ప్రకటించారు. అయితే స్థాయి జట్టు తాత్కాలికంగా ఉండాలి. ఏడాదంతా ఒకే జట్టులో ఉంచితే అది కొత్త పేరు గల వెనుక బెంచీయే అవుతుంది.

7. ఆచరణలోని పరిమితులు

ఇన్ని చీటీలు, కార్డులు, రెండు స్థాయిల పనులు రెండు తరగతులను ఏకకాలంలో చూసే ఉపాధ్యాయునికి సాధ్యమా అన్న సందేహం సహేతుకమైనది. విద్యాహక్కు చట్టం అనుబంధం వారానికి 45 గంటల పనిని నిర్దేశిస్తూ, అందులో సన్నాహక సమయాన్ని కూడా చేర్చింది. అంటే ప్రణాళికా రచనను చట్టమే బోధనలో భాగంగా గుర్తించింది. నివేదికలకూ ఇతర విధులకూ ఆ సమయం ఖర్చయితే, ప్రణాళిక పాత పుస్తకం నుండి కొత్త పుస్తకంలోకి ఎత్తిరాసే పనిగా మిగులుతుంది.

పర్యవేక్షకుల దృష్టి కూడా మారవలసి ఉంది. అన్ని గడులూ నిండిన ప్రణాళికకు సంతకం దొరికి, కొట్టివేతలు, సవరణలు ఉన్నదానికి ఆక్షేపణ వస్తే, ఉపాధ్యాయుడు శుభ్రమైన ప్రణాళికనే రాస్తాడు. సవరణలున్న పుటే తరగతిని చూసిన పుట. సముదాయ సమావేశాలలో ఉపాధ్యాయులు తమ విఫలమైన పీరియడ్లను కూడా చర్చించగలిగితే, ఒకే మండలంలోని బడులు కార్డులను, ప్రశ్నలను పంచుకోగలిగితే ఒక్కొక్కరి భారం తగ్గుతుంది.

ఉపాధ్యాయ విద్యాసంస్థల బాధ్యత మరొకటి. బోధనాభ్యాసంలో ఛాత్రోపాధ్యాయులు ఎక్కువగా ఒకే తరగతి, ఒకే స్థాయి, పూర్తి హాజరు అన్న ఊహతో ప్రణాళిక రాస్తారు. ఉద్యోగంలో చేరిన తరువాత ఆ మూడింటిలో ఒక్కటీ దొరకకపోవచ్చు. శిక్షణలోనే రెండు తరగతులు కలిసిన పీరియడుకు, మూడు నెలల తరువాత వచ్చిన విద్యార్థికి ప్రణాళిక రాయించడం, దానిని నిజమైన బడిలో అమలు చేయించడం అవసరం. పరిశోధకులకు కూడా ఇక్కడ క్షేత్రం ఉంది. వలస నెలలలో ఏ సామర్థ్యాలు ముందుగా జారిపోతాయి, ఎన్ని వారాల పునర్బలనంతో తిరిగివస్తాయి, ఇంటి భాషను అనుమతించిన తరగతిలో రచనా సామర్థ్యం ఎట్లా మారుతుంది అన్నవి మండల స్థాయిలో చేయదగిన అధ్యయనాలు.

8. ముగింపు

పై వివరణ నుండి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు.

1. నిలకడ లేని హాజరును మినహాయింపుగా గాక సాధారణ స్థితిగా భావించి రాసిన ప్రణాళికే కరువు ప్రాంతపు బడికి ఉపయోగపడుతుంది. వారంలో ముగిసే చిన్న అంశాలు, ప్రతి అంశంలో తిరిగివచ్చినవారికి ఒక మెట్టు అందుకు కనీస అవసరాలు.

2. స్థానిక పరిసరం పాఠానికి అలంకారం కాదు. చెరువు, వర్షపాతం, ఇసుక మేట, సరిహద్దు భాష విద్యాప్రమాణాలను సాధించే ప్రధాన సామగ్రి కాగలవు.

3. బహుళ తరగతి బోధనలో ఒకే పాఠ్యభాగానికి రెండు స్థాయిల పనులు రూపొందించడం ఉపాధ్యాయుని సమయాన్ని ఆదా చేస్తుంది. విడివిడిగా రెండు పాఠాలు చెప్పే ప్రయత్నం రెండింటినీ కుంటుపరుస్తుంది.

4. ప్రతి పీరియడు చివర జరిగే చిన్న మూల్యాంకనమే మరుసటి పీరియడు ప్రణాళికకు ఆధారం కావాలి.

5. సన్నాహక సమయం, సవరణను ఆమోదించే పర్యవేక్షణ, వాస్తవ స్థితులకు తగిన శిక్షణ లేకుండా ఈ వ్యూహాలు నిలబడవు.

కణేకల్ చెరువు ఎక్కడో కురిసిన వానతో నిండుతుంది. ఆ నీరు మడికి చేరాలంటే తూము తెరవాలి, పిల్లకాలువ బాగుండాలి. విద్యా సిద్ధాంతాలు కూడా చాలావరకు దూరంలో పుట్టినవే. వాటిని తన తరగతిలోని చివరి పిల్లవాని వరకు పారించే కాలువను తవ్వుకోవలసింది ఆ బడి ఉపాధ్యాయుడే, అందుకు అతని చేతిలో ఉన్న పనిముట్టు పాఠ్యప్రణాళిక.